క్వాంటం పెనవేత: పర్లాకిమిడి పిల్లలు అడిగిన ప్రశ్నలు, నా జవాబులు

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో సాయంత్రాలు ప్లస్ టూ, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు. పాతపట్నం వైపు నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు కొందరు. కాశీనగర్ నుంచీ గుణుపురం నుంచీ ఆదివారాలు మాత్రమే వచ్చేవాళ్లు ఇంకొందరు. పాఠం ఏదైనా కానివ్వండి, ముగిసే వేళకు ఎవరో ఒకరు "మాస్టారూ, క్వాంటం ఎంటాంగిల్‌మెంట్ అంటే..." అని మొదలుపెడతారు. ఫోన్‌లో ఏదో వీడియో చూసి వస్తారు, సగం అర్థమవుతుంది, సగం తప్పుగా అర్థమవుతుంది. ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. చదువు వాడుక భాషలో ఉండాలని ఆయన పట్టుబట్టిన చోట కూర్చుని, ఎవరికీ అర్థం కాని తెలుగులో ఈ సంగతి రాయడం నాకు మనసొప్పదు. పదో తరగతి లెక్కలు వస్తే చాలు, ఇదంతా అందుతుంది.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి. పెనవేత అంటే ఏమిటి?

రెండు కణాలు ఒక ప్రత్యేకమైన పద్ధతిలో జంటగా పుడితే, ఆ తర్వాత దేనికదిగా వాటి స్థితి చెప్పలేం. ఇద్దరికీ కలిపి ఒకే జాతకం రాసినట్టు, జంటకు మాత్రమే స్థితి ఉంటుంది. ఒకటి ఇక్కడా ఇంకొకటి వెయ్యి కిలోమీటర్ల అవతలా ఉన్నా సరే. ఒక్కొక్కదాన్ని కొలిస్తే వచ్చే ఫలితం నాణెం ఎగరేసినట్టే ఉంటుంది, బొమ్మ పడవచ్చు, బొరుసు పడవచ్చు. రెండు చోట్ల ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాత్రం ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఆ కలయిక, ముందే కూడబలుక్కుని వచ్చినవాళ్లకు కూడా సాధ్యం కానంత గట్టిది. ఈ చివరి వాక్యంలోనే అసలు విషయమంతా ఉంది. కింద ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

"చిక్కుముడి" అంటారు కదా, మీరు "పెనవేత" అంటారేం?

చిక్కుముడి అనగానే విప్పాల్సిన తలనొప్పి గుర్తొస్తుంది. ఇక్కడ చిక్కేమీ లేదు. రెండు పోగులను కలిపి పేనితే తాడుకు వచ్చే బలం ఏ ఒక్క పోగులోనూ ఉండదు, అందుకని పెనవేత అంటున్నాను. ఎంటాంగిల్‌మెంట్ అనే మాటను 1935లో భౌతికశాస్త్రంలోకి తెచ్చినవాడు ఆస్ట్రియా శాస్త్రవేత్త ష్రోడింగర్. మీరు పరీక్షలో ఎంటాంగిల్‌మెంట్ అనే రాయండి.

ఇది అర్థం కావాలంటే ముందు ఏం తెలియాలి?

పోలరైజేషన్, అంటే కాంతి తరంగం ఏ దిశలో ఊగుతోందో అది. ఒక దిశలో ఊగే కాంతినే దాటనిచ్చే పొర పోలరైజర్. పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పడితే లాభం లేదు, చేతులతో చేసి చూడాలి. సెల్ రిపేరు షాపుకు వెళ్లి పగిలిన డిస్‌ప్లేల మీద నుంచి ఒలిచిన పోలరైజర్ షీటు ముక్కలు అడగండి. మా వీధి చివర షాపులో ఊరికే ఇస్తారు. పాత కాలిక్యులేటర్ తెర మీద కూడా అదే పొర ఉంటుంది. బొటనవేలంత ముక్కలు మూడు చాలు.

ఒక ముక్కలోంచి ట్యూబ్‌లైటు చూడండి, కాస్త మసకగా కనిపిస్తుంది. దాని మీద రెండో ముక్క పెట్టి మెల్లగా తిప్పండి. వెలుతురు తగ్గుతూ తగ్గుతూ, సరిగ్గా అడ్డంగా వచ్చేసరికి దాదాపు పూర్తిగా చీకటైపోతుంది. ఇప్పుడు మూడో ముక్కను ఆ రెండింటి మధ్యలోకి, 45 డిగ్రీల వాలుగా తోయండి. చీకటిగా ఉన్నచోట వెలుతురు మళ్లీ వస్తుంది! ఆపే పొర ఇంకొకటి పెడితే వెలుతురు పెరగడమేమిటి అని పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని మరీ చూస్తారు. ఎన్నిసార్లు చేయించినా ఆ క్షణం నాకు కొత్తగానే ఉంటుంది.

లెక్క ఇది. ఒక పొర దాటిన కాంతి, దానికి θ కోణంలో ఉన్న రెండో పొరను cos²θ వంతు దాటుతుంది. 0 డిగ్రీలైతే మొత్తం, 45 అయితే సగం, 60 అయితే పావు, 90 అయితే సున్నా. మధ్యలో వాలు పొర ఉన్నప్పుడు సగంలో సగం, అంటే పావు వంతు బయటపడుతుంది.

కాంతి ఫోటాన్లనే పలుకులుగా వస్తుంది. పావు వంతు ఫోటాన్ అనేది ఉండదు, ఒక ఫోటాన్ దాటితే మొత్తం దాటుతుంది, ఆగితే మొత్తం ఆగిపోతుంది. కాబట్టి ఒక్క ఫోటాన్‌కు cos²θ అంటే దాటే సంభావ్యత. ఈ 60 డిగ్రీలు, పావు వంతు అనే జతను గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో దానితో పని ఉంది.

ఇది చెప్పుల జత లాంటిదే కదా? ఒకటి చూస్తే రెండోది ఏ కాలిదో తెలిసిపోదా?

అందరూ అడిగే ప్రశ్న, మంచి ప్రశ్న. జతలో ఒక చెప్పును రాయగడ బస్సులో, ఇంకొకదాన్ని బరంపురం బస్సులో సంచుల్లో పెట్టి పంపారు. రాయగడలో సంచి విప్పితే ఎడమ చెప్పు కనిపించింది. బరంపురం వెళ్లింది కుడిదని ఆ క్షణమే తెలిసింది. ఇందులో వింతేమీ లేదు. ఏ సంచిలో ఏది ఉందో బస్సెక్కినప్పుడే ఖాయమైపోయింది, మనకు తెలియలేదంతే.

పెనవేసిన ఫోటాన్లు కూడా ఇలాగే ముందే ఖాయమైన జవాబులు మోసుకెళ్తున్నాయా? 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ కలిసి రాసిన పేపర్ సారాంశం దాదాపు ఇదే: క్వాంటం సిద్ధాంతం తప్పు కాదు, కానీ అసంపూర్ణం, సంచిలో ఏముందో అది పూర్తిగా చెప్పడం లేదు. ఆ మరుసటి ఏడాదే, 1936 ఏప్రిల్ 1న, ఒడిశా రాష్ట్రం ఏర్పడి మన ఊరు ఇటు, పాతపట్నం అటు అయ్యాయి. మా ఇంట్లో పెద్దవాళ్లు కాలాన్ని ఆ ఏడాదితోనే లెక్కపెట్టేవారు, అందుకే ఈ పేపర్ తేదీ నాకు ఎప్పుడూ మరుపు రాదు.

ముప్పై ఏళ్ల దాకా ఇది తత్వచర్చగానే ఉండిపోయింది. చెప్పుల జత వాదం నిజమో కాదో ప్రయోగంతో తేల్చవచ్చని 1964లో చూపించినవాడు జాన్ బెల్. ఆయన బెల్‌ఫాస్ట్‌లో పుట్టి, ఐరోపా కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో పనిచేశాడు.

ముందే ఖాయమైన జవాబులు లేవని ఎలా తేల్చగలరు? అది ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

ఇది మా ట్యూషన్‌లో ఆటగా ఆడిస్తాను. ఇద్దరు పిల్లల్లో ఒకర్ని ముందుగదిలో, ఒకర్ని పెరటి వసారాలో కూర్చోబెడతాను. ఫోన్లు నా బల్ల మీద పెట్టేయాలి. ప్రతి రౌండులో ఇద్దరికీ చెరొక ప్రశ్న పడుతుంది. ఉన్నవి మూడే ప్రశ్నలు: అ, ఆ, ఇ. ఎవరికి ఏది అన్నది అప్పటికప్పుడు చీటీ తీసి నిర్ణయిస్తాం. జవాబు "అవును" లేదా "కాదు". నియమం ఒక్కటే, ఇద్దరికీ ఒకే ప్రశ్న పడితే జవాబులు తప్పకుండా కలవాలి. రౌండుకు ముందు ఎంతసేపైనా కూడబలుక్కోవచ్చు. గదుల్లోకి వెళ్లాక మాటల్లేవు.

ఐదు నిమిషాల్లో పిల్లలు కిటుకు పట్టేస్తారు. మూడు ప్రశ్నలకూ జవాబులు ముందే ఒక కాగితం మీద రాసుకుని, ఇద్దరూ ఒకే నకలు పట్టుకెళ్లాలి. వేరే దారి లేదు. ఏ ప్రశ్న పడుతుందో తెలియదు, పడినదానికి మాత్రం తప్పకుండా కలవాలి కదా!

అప్పుడు రెండో షరతు పెడతాను. "ఇద్దరికీ వేర్వేరు ప్రశ్నలు పడినప్పుడు మీ జవాబులు ఎంత తక్కువగా కలిస్తే అంత మంచి మార్కు. ఎంత తక్కువకు తేగలరు?"

ఒకసారి కాశీనగర్ నుంచి వచ్చే అమ్మాయి దీని మీద గంటసేపు కూర్చుంది. నోటుపుస్తకం వెనక అట్ట మీద గళ్లు గీసి, రాయగలిగిన ఎనిమిది కాగితాలూ రాసింది. అవును-అవును-అవును. అవును-అవును-కాదు. అవును-కాదు-అవును. అలా ఎనిమిదీ. ప్రతిదాని పక్కనా మూడు జతలు సరిచూసింది: అ-ఆ, ఆ-ఇ, అ-ఇ. చివరికి పెన్ను మూత పెట్టేసి, "మూడు గళ్లు, రెండే జవాబులు మాస్టారూ. ఏ రెండో ఒకలాగే ఉండి తీరాలి" అంది.

అంతే, బెల్ ఆలోచనలో కీలకం ఆ ఒక్క మాటలో ఉంది. అవును-అవును-కాదు అని రాసుకుంటే మూడు జతల్లో ఒకటి కలుస్తుంది. మూడూ ఒకటే అయితే మూడు జతలూ కలుస్తాయి. కాగితం ఏదైనా మూడింట ఒక వంతు కన్నా తక్కువకు రాదు. రౌండు రౌండుకీ కాగితం మార్చినా, పాచికలు వేసి ఎంచుకున్నా సగటు ఆ గీత దాటి కిందికి దిగదు.

ఇప్పుడు పిల్లల స్థానంలో పెనవేసిన రెండు ఫోటాన్లను పెట్టండి. అ, ఆ, ఇ ప్రశ్నల స్థానంలో పోలరైజర్‌ను 0, 60, 120 డిగ్రీల్లో పెట్టి "దాటుతావా?" అని అడగండి. రెండు వైపులా ఒకే కోణం ఉంటే రెండూ దాటుతాయి, లేకపోతే రెండూ ఆగుతాయి, మొదటి నియమం నెగ్గింది. కోణాలు వేరైతే జవాబులు కలిసే సంభావ్యత cos²60, అంటే పావు వంతు. మూడో వంతు కన్నా తక్కువ!

జేబులో కాగితం పెట్టుకున్న ఏ జంటకూ చేతకాని పని ఇది. కాబట్టి వాటి దగ్గర కాగితం లేదు. చెప్పుల జత పోలిక ఇక్కడ తెగిపోతుంది. ఇంకా ఆ కాగితాన్ని వదులుకోలేమంటే, ఒక గదిలో పడిన ప్రశ్న ఇంకో గదిలో జవాబును కాంతి కన్నా వేగంగా మారుస్తోందని ఒప్పుకోవాలి. ఈ రెండింటిలో దేన్ని వదులుకోవాలి అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. రెండూ ఉంచుకోవడం కుదరదన్నది మాత్రం తేలిపోయింది.

ఇది కాగితం మీద లెక్కేనా, నిజంగా చేసి చూశారా?

చేశారు, ఒకసారి కాదు. నిజం పరికరాల్లో ఫోటాన్లు కొన్ని తప్పిపోతాయి, కోణాలు పూర్తి కచ్చితంగా కుదరవు. అందుకని 1969లో క్లాజర్, హార్న్, షిమోనీ, హోల్ట్ ప్రయోగశాలకు పనికొచ్చే రూపం ఒకటి తయారు చేశారు. ఇలాంటి పరీక్షనే బెల్ పరీక్ష అంటారు. అందులో ఫలితాల కలయిక ఎంత గట్టిదో ఒక సంఖ్యగా లెక్కగడతారు. కాగితాల జంటలు 2 అనే విలువ దాటలేవు, క్వాంటం జంటలు 2.83 దాకా వెళ్లగలవు.

1972లో అమెరికాలోని బర్క్‌లీలో జాన్ క్లాజర్, స్టువర్ట్ ఫ్రీడ్‌మన్ కాల్షియం పరమాణువుల నుంచి వచ్చే ఫోటాన్ల జంటలతో మొదటిసారి చేశారు. క్వాంటం సిద్ధాంతమే నెగ్గింది. "పోలరైజర్ల కోణాలు ముందే పెట్టేశారు కదా, అటు సంగతి ఇటు తెలిసిపోయిందేమో" అన్నారు కొందరు. మన ఆటలో చీటీ ముందే తీసి బల్ల మీద పెట్టినట్టన్నమాట. దానికి 1982లో ఫ్రాన్స్‌లో అలాన్ అస్పే జవాబు చెప్పాడు. ఆయన రెండు వైపుల మధ్య దూరం దాదాపు 12 మీటర్లు. ఆ దూరం దాటడానికి కాంతికి 40 నానోసెకన్లు పడుతుంది. ఆయన అమరిక దాదాపు 10 నానోసెకన్లకోసారి కోణం మార్చేసింది, ఫోటాన్లు దారిలో ఉండగానే. ఆ తర్వాత ఆంటన్ జైలింగర్ బృందం కోణాల ఎంపికను పూర్తిగా యాదృచ్ఛికం చేసి, దూరాన్ని వందల మీటర్లకు పెంచింది.

అయినా చిన్న చిన్న సందులు మిగిలాయి. వాటిలో ముఖ్యమైనవాటిని ఒకేసారి మూసిన ప్రయోగం 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో జరిగింది. 1.3 కిలోమీటర్ల దూరంలో రెండు వజ్రపు ముక్కల్లో ఎలక్ట్రాన్లను పెనవేశారు. వచ్చిన విలువ 2.42. అదే ఏడాది వియన్నాలోనూ అమెరికాలోనూ ఫోటాన్లతో అదే తేలింది. 2022 భౌతికశాస్త్ర నోబెల్ క్లాజర్, అస్పే, జైలింగర్‌లకు వచ్చింది. బెల్ 1990లోనే చనిపోయాడు. నోబెల్ వార్త విన్న రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆయనే.

అయితే ఐన్‌స్టీన్ ఓడిపోయాడా?

ఆయన ఆశించిన జవాబు రాలేదు, అది నిజం. 1947లో తోటి భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌కు రాసిన ఉత్తరంలో ఆయన దీన్ని దయ్యపు చేష్ట లాంటి దూరప్రభావం అని కొట్టిపారేశాడు. కానీ అందరూ లెక్కలు వేసుకుంటూ ముందుకు పోతున్నప్పుడు, ఇక్కడ ఏదో ఉంది, ఆగి చూడండి అని వేలు పెట్టి చూపించినవాడు ఆయనే. ఆ పేపర్ లేకపోతే బెల్ లేడు.

దీంతో కాంతి కన్నా వేగంగా కబురు పంపవచ్చా?

పంపలేం. వీడియోల్లో ఎక్కువ తప్పు చెప్పేది ఇక్కడే.

పర్లాకిమిడిలో అక్క దగ్గర ఒక ఫోటాన్, విశాఖలో తమ్ముడి దగ్గర దాని జంట. అక్క కొలిస్తే "దాటింది" వస్తుందా "ఆగింది" వస్తుందా అన్నది ఆమె చేతిలో లేదు. తనకు కావలసిన ఫలితాన్ని రప్పించలేనప్పుడు కబురు దేనిలో పెడుతుంది? తమ్ముడి వైపు చూసినా అంతే. అక్క కొలిచినా కొలవకపోయినా, ఏ కోణంలో కొలిచినా, తమ్ముడి నోటుపుస్తకంలో సగం "దాటింది", సగం "ఆగింది" ఒక వరస అంటూ లేకుండా ఉంటాయి. ఆ పుస్తకం ఒక్కదాన్నే ఎంతసేపు చూసినా అక్క ఏం చేసిందో తెలియదు. సాయంత్రం ఫోన్ చేసి రెండు జాబితాలూ చదువుకుంటేనే కలయిక బయటపడుతుంది. ఆ ఫోన్ కాల్ కాంతి వేగానికి లోబడే వెళ్తుంది.

పెనవేసిన ఫోటాన్లను ఎలా పుట్టిస్తారు?

బేరియం బోరేట్ లాంటి ప్రత్యేకమైన స్ఫటికంలోకి ఊదారంగు లేజర్ పంపుతారు. చాలా ఫోటాన్లు నేరుగా దూసుకుపోతాయి. ఎప్పుడో ఒకటి మాత్రం రెండుగా చీలుతుంది. 405 నానోమీటర్ల ఫోటాన్ అయితే 810 నానోమీటర్లవి రెండు వస్తాయి, శక్తి ఒక్కోదానికి సగం. స్ఫటికాన్ని సరిగ్గా అమర్చితే ఆ రెండింటి పోలరైజేషన్లు పెనవేసుకుని పుడతాయి. అయాన్లతో, అతివాహక సర్క్యూట్లతో కూడా పెనవేత సాధిస్తారు.

ఎంత దూరం వరకు నిలుస్తుంది?

సిద్ధాంతంలో హద్దు లేదు, ఇబ్బందంతా దారిలోనే. మంచి ఆప్టికల్ ఫైబర్‌లో కూడా వంద కిలోమీటర్లకు నూటికి ఒక ఫోటాన్ మిగులుతుంది. మామూలు సిగ్నల్ అయితే మధ్యలో బూస్టర్ పెట్టి పెంచుకుంటాం. ఇక్కడ అది కుదరదు, తెలియని క్వాంటం స్థితికి నకలు తీయలేమని 1982లో రుజువైంది. పైగా చుట్టుపక్కల అణువులతో తగిలితే పెనవేత చెదిరిపోతుంది.

అందుకే చైనా ఆకాశం దారి పట్టింది. 2016లో పంపిన మీషియస్ ఉపగ్రహం నుంచి, 1200 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కేంద్రాలకు జంటలు పంపినట్టు 2017లో ప్రకటించారు. సెకనుకు దాదాపు 59 లక్షల జంటలు పుడితే, రెండు చోట్లా అందినవి సెకనుకు సుమారు ఒక్క జంట. ఆ ఒక్కటి చాలు, బెల్ పరీక్ష నెగ్గింది.

టెలిపోర్టేషన్ అంటే మనిషిని పంపడమా?

కాదు. ఒక కణం స్థితిని దూరంగా ఉన్న ఇంకో కణం మీదికి చేర్చడం. 1993లో ఆలోచన వచ్చింది, 1997లో ప్రయోగం జరిగింది. దానికి ముందే పంచుకున్న పెనవేత జంట కావాలి, మామూలు దారిలో రెండు బిట్ల కబురూ కావాలి. మొదటి కణం స్థితి చెరిగిపోతుంది కాబట్టి నకలు కూడా కాదు.

సరే, మన బతుకులో దీనికేం పని?

ఈ ప్రశ్న ఎక్కువగా తల్లిదండ్రులు అడుగుతారు. ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ రోజు మీరు వాడే ఫోన్‌లో, సంతలో చేసే యూపీఐ చెల్లింపులో పెనవేసిన ఫోటాన్లతో నేరుగా పని లేదు. దాని పని మొదలవుతున్నది రెండు మూడు చోట్ల.

మొదటిది రహస్య తాళం. 1991లో ఆర్టర్ ఎకర్ట్ చెప్పిన పద్ధతి నాకు చాలా ఇష్టం. అక్కా తమ్ముడూ పెనవేసిన జంటలు పంచుకుంటారు. కొన్నిటిని ఒకే కోణంలో కొలుస్తారు, ఇద్దరికీ ఒకే సున్నాలూ ఒకట్లూ వస్తాయి, అదే తాళం చెవి. మిగతావాటితో బెల్ పరీక్ష చేస్తారు. మధ్యలో ఎవరైనా ఫోటాన్లను పట్టి చూసి వదిలితే పెనవేత పోతుంది, విలువ 2 కిందికి జారుతుంది. దొంగ చెయ్యి పెట్టాడని అక్కడే తెలిసిపోతుంది. ఐన్‌స్టీన్‌ను వేధించిన తత్వప్రశ్నే ఇక్కడ కాపలా కాస్తోంది చూడండి.

రెండోది క్వాంటం కంప్యూటర్. మామూలు కంప్యూటర్‌లో బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ. క్వాంటం కంప్యూటర్‌లో దాని స్థానంలో ఉండేది క్యూబిట్. పెనవేసిన 2 క్యూబిట్ల స్థితి రాయడానికి 4 సంఖ్యలు కావాలి. 50 క్యూబిట్లకు వెయ్యి లక్షల కోట్లకు పైగా సంఖ్యలు కావాలి. అయితే "అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నిస్తుంది" అన్న మాట నమ్మకండి. కొలిస్తే ఒక్కటే జవాబు వస్తుంది. తప్పు జవాబులు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, సరైనది నిలిచేలా అల్లడంలోనే నేర్పుంది, అలా అల్లగలిగిన సమస్యలు కొన్నే. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడం వాటిలో ఒకటని 1994లో పీటర్ షోర్ చూపించాడు. ఇప్పటి ఇంటర్నెట్ తాళాలు చాలావరకు ఆ విడగొట్టడం కష్టమన్న భరోసా మీద ఉన్నాయి. అంత పెద్ద యంత్రం ఇంకా రాలేదు. వచ్చేలోపు తాళాలు మార్చాలని అమెరికా ప్రమాణాల సంస్థ 2024లో కొత్త గణిత పద్ధతులను ప్రకటించింది. వాటికి పెనవేత అక్కర్లేదు, మామూలు సాఫ్ట్‌వేర్ చాలు. ఫోన్లలోకి ముందుగా చేరుతున్నవి అవే.

మూడోది అతి సూక్ష్మమైన కొలతలు: గడియారాలు, అయస్కాంత క్షేత్రాల సెన్సర్లు. అక్కడ పెనవేతతో కచ్చితత్వం పెరుగుతుంది.

మన దేశంలో ఏం జరుగుతోంది?

2023 ఏప్రిల్‌లో నేషనల్ క్వాంటం మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 6003.65 కోట్ల రూపాయలు మంజూరు చేసింది, 2031 వరకు. కంప్యూటింగ్ పని బెంగళూరు ఐఐఎస్‌సీకి, కమ్యూనికేషన్ ఐఐటీ మద్రాసుకు, సెన్సర్లు ఐఐటీ బాంబేకు, పదార్థాలూ పరికరాలూ ఐఐటీ ఢిల్లీకి అప్పగించారు. 2022లో అహ్మదాబాద్‌లో ఇస్రో శాస్త్రవేత్తలు రెండు భవనాల మధ్య, 300 మీటర్ల గాలిలో, పెనవేత ఆధారంగా రహస్య సంభాషణ జరిపి చూపించారు. 2025లో ఐఐటీ ఢిల్లీ, డీఆర్‌డీఓ ఆ దూరాన్ని కిలోమీటర్ దాటించాయి. అదే ఏడాది అమరావతిలో 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రంతో క్వాంటం వ్యాలీ పెడతామని ప్రకటించారు. మన పిల్లలకు అమరావతి దూరమే, కానీ అక్కడి కబుర్లు తెలుగులో వస్తాయి. అది చిన్న విషయం కాదు.

క్వాంటం లాకెట్, క్వాంటం వైద్యం... ఇవి నిజమేనా?

కాదు. గుణుపురం దగ్గర ఉండే మా పిన్నికి షుగర్. ఒకతను ఇంటికొచ్చి, పెనవేసిన శక్తి ఉందని చెప్పి నాలుగు వేలకు ఒక లాకెట్ అంటగట్టాడు. ఆవిడ దాన్ని మెడలో వేసుకుని మాత్రలు మానేశారు. మూడు వారాలకు కళ్లు తిరిగి వంటింట్లో పడిపోయారు. నేను వెళ్లాక లాకెట్ తీసి చూశాను. స్టీలు బిళ్ల, దాని మీద ఎర్ర స్టిక్కరు, స్టిక్కరు మీద అణువు బొమ్మ. అంతే. డాక్టర్ మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు, పిన్ని కోలుకున్నారు. నాకు మాత్రం కోపం ఇంకా తగ్గలేదు.

పెనవేత ఎంత సున్నితమైందంటే, దాన్ని కాపాడడానికి ప్రయోగశాలల్లో కొన్ని యంత్రాలను సున్నాకు దాదాపు 273 డిగ్రీల సెల్సియస్ కింద దాకా చల్లబరుస్తారు. వేడిగా, చెమటతో ఉండే మెడ మీద అది నిలిచి రోగం తగ్గించదు. కవలలకు ఒకరి బాధ ఒకరికి తెలియడం, దూరాన ఉన్న కొడుకు గుర్తొచ్చినప్పుడే ఫోన్ రావడం కూడా పెనవేత కాదు. అవి ప్రేమ, జ్ఞాపకం. వాటికి ఈ పేరు అక్కర్లేదు.

నేను ఒడియా మీడియంలో చదివాను. ఈ రంగంలోకి రాగలనా?

రాగలవు. ప్లస్ టూలో సంభావ్యత, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, సదిశలు, ఈ నాలుగూ గట్టిగా నేర్చుకో. పెనవేతకు కావలసిన గణితం దాదాపు ఇదే. మన పక్కనే బరంపురంలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది, 2016లో మొదలైంది, అక్కడ ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదవవచ్చు. భువనేశ్వర్ దగ్గర అలాంటిదే నైసర్ ఉంది. ఐసర్‌కు ఐఏటీ, నైసర్‌కు నెస్ట్ ప్రవేశ పరీక్షలు. ఇంజినీరింగ్ టెన్షన్‌లో పడి చాలా ఇళ్లలో వీటి పేర్లే వినరు. అమ్మానాన్నలు అడిగితే నా దగ్గరికి తీసుకురా, నేను మాట్లాడతాను.

ఇంట్లోనే పెనవేత చేసి చూడవచ్చా?

స్ఫటికం, లేజర్ కొనక్కర్లేదు. ఐబీఎం 2016లో 5 క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచింది, ఆ తర్వాత ఇలాంటివి ఇంకా వచ్చాయి. ఉచిత సిమ్యులేటర్లు బోలెడున్నాయి. రెండు క్యూబిట్లు పెట్టు. గేటు అంటే క్యూబిట్ స్థితిని మార్చే చర్య. మొదటిదాని మీద హెచ్ గేటు, తర్వాత మొదటిదాని నుంచి రెండోదానికి సీఎక్స్ గేటు. రెండింటినీ కొలువు. వెయ్యిసార్లు నడిపితే 00 దాదాపు సగం, 11 దాదాపు సగం వస్తాయి. నిజం యంత్రంలో 01, 10 కూడా కాసిని కనిపిస్తాయి, అవి యంత్రం పొరపాట్లు. సిమ్యులేటర్‌లో రావు.

ఇప్పుడు కొలతకు ముందు రెండో క్యూబిట్ ఒక్కదాని మీదే ఆర్‌వై గేటు పెట్టి, కోణం 120 డిగ్రీలు ఇవ్వు. రేడియన్లలో అడిగితే 2π/3. క్యూబిట్‌లో 120 డిగ్రీలు పోలరైజర్‌లో 60 డిగ్రీలకు సమానం. మళ్లీ వెయ్యిసార్లు నడిపి, 00, 11 రెండింటినీ కూడు. రెండు వందల యాభై దగ్గర ఆగుతుంది. వెనక అట్ట మీద ఎనిమిది కాగితాలు రాసినా ఆ అమ్మాయికి దొరకని పావు వంతు అదే.